నాలుగు జానల సందు

ముప్పై నాలుగేళ్లు ఇనుప కప్పులు గీశాను. బస్సు డిపోలు, ధాన్యం గోదాములు, ఫంక్షన్ హాళ్లు, ఒక సినిమా హాలు. వాటిలో ఒక్కటి కూడా గాలికి లేచిపోలేదు. ఒకటి మాత్రం లేచిపోయి ఉండేదే. నా సంతకంతో, నా పూర్తి నమ్మకంతో, ఆర్మూరు పసుపు మార్కెట్ మీద కూర్చోబెట్టబోయిన కప్పు అది. అది ఎందుకు లేవలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. స్ట్రక్చరల్ డిజైన్‌లో కొత్తగా చేరిన పిల్లలు చదివితే మంచిది. చదవకపోయినా సరే, నాకు చెప్పుకోవాలని ఉంది.

ముందు నా గురించి ఒక మాట. పాతకాలపు ఇంజినీర్లు కంప్యూటరును నమ్మరని, కాగితం మీద లెక్క వేస్తే తప్ప వాళ్లకు నిద్ర పట్టదని మీరు అనుకుంటారు. నా సంగతి తలకిందులు. సగం ఉద్యోగం చేతి లెక్కలతోనే గడిచి విసిగిపోయినవాణ్ణి. రిటైరవడానికి నాలుగైదేళ్ల ముందు మా హైదరాబాదు ఆఫీసులోకి ఒక ప్రోగ్రాం వచ్చింది. షెడ్డు పొడవు, వెడల్పు, ఊరి పేరు ఇస్తే చాలు, ఆ ఊళ్లో గాలి ఎంత వేగంతో వీస్తుందో అదే తెచ్చుకుంటుంది. మా కంపెనీ అంతకుముందు దేశమంతటా కట్టిన షెడ్ల వివరాలన్నీ దాని కడుపులో ఉంటాయి. వాటిని చూసుకుని కొత్త షెడ్డుకు వేల రకాల చట్రాలు అల్లుతుంది. ఒక్కొక్క దాని మీద గాలి వీయిస్తుంది, బరువు పెడుతుంది, విరిగినవాటిని పారేస్తుంది. నిలబడినవాటిలో అతి తక్కువ ఇనుముతో అయ్యేదాన్ని మన ముందు పెడుతుంది. ఒకప్పుడు నేను నెల రోజులు కూర్చుని చేసిన పని చాయ్ చల్లారేలోపు అయిపోయేది. నేను దాని ప్రేమలో పడ్డాను. ఆ వయసులో పడటం మంచిది కాదని ఎవరూ చెప్పలేదు.

ఒకరు చెప్పారు, నిజానికి. ఆ ప్రోగ్రాం బాగోగులు చూసుకునే ఇంజినీరు ఒకామె ఉండేది. ముప్పై అయిదేళ్లుంటాయి, వరంగల్ వైపు మనిషి. దాని కడుపులో ఉన్న డేటా అంతా సేకరించి, తప్పులు ఏరి, సర్దిపెట్టింది ఆమే. ఆఫీసు మొత్తంలో దాన్ని అందరికంటే తక్కువ నమ్మేది కూడా ఆమే.

"సార్, మనం చూపించిందే అది చూస్తది. మనం చూపించనిది దానికి ఈ లోకంలనే లేనట్టు" అనేది.

నేను నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఆర్మూరు పని వచ్చినప్పుడు నాకు ఒళ్లు పొంగింది. మాది ఆర్మూరు పక్కనే ఉన్న ముప్కాల్. ఆర్మూరు బస్టాండులో దిగి సైకిల్ ట్యూబులు కొనుక్కుని వెళ్లిన రోజులు నావి. మార్కెట్ యార్డులో వేలానికి ఒక పెద్ద షెడ్డు కావాలన్నారు. రైతులు పసుపు తెచ్చి కుప్పలు పోస్తారు. వ్యాపారులు కుప్ప కుప్పకూ తిరిగి వేలం పాడతారు. తూకం అయ్యాక సంచులకెత్తి లారీలకు ఎక్కిస్తారు. ఇదంతా ఒకే కప్పు కింద జరగాలి. పాత షెడ్డు ఉంది కానీ చిన్నది, సీజన్‌లో సగం కుప్పలు ఆకాశం కిందే ఉండేవి.

స్థలం చూడటానికి వానాకాలంలో ఒకసారి వెళ్లాను. యార్డు ఖాళీ. మోకాలెత్తు గడ్డి, రెండు కుక్కలు, నాలుగు వైపులా తెరుచుకుని ఉన్న పాత షెడ్డు. నాలుగు ఫొటోలు తీసుకుని, మిర్చి బజ్జీలు తిని తిరిగి వచ్చేశాను.

ప్రోగ్రాం ముందు కూర్చున్నప్పుడు అది నన్ను ఒక ప్రశ్న అడిగింది. షెడ్డు రకం ఏమిటి? రెండే జవాబులు. తెరిచినది, మూసినది. నేను క్షణం ఆలోచించకుండా తెరిచినది అని నొక్కాను. వెనక నిలబడి ఉన్న ఆమె అడిగింది.

"సార్, సీజన్ల పోయి చూసిండ్రా?"

"అది మా ఇలాకా అమ్మా. నాకు తెల్వదా?"

తెలియదు. మాది వరి పండించే ఇల్లు. సీజన్‌లో పసుపు మార్కెట్‌లో పట్టుమని గంటసేపు నిలబడిన మనిషిని కాదు. పక్క ఊరివాణ్ణి కాబట్టి అన్నీ తెలుసనుకున్నాను. ఏ మద్రాసువాడో అయ్యుంటే నాలుగు సార్లు వెళ్లి అడిగి తెలుసుకునేవాడు.

ప్రోగ్రాం ఇచ్చిన చట్రం చూడముచ్చటగా ఉంది. అంత వెడల్పు షెడ్డుకు అంత సన్నని ఇనుము నేను ఎప్పుడూ చూడలేదు. మా డైరెక్టరు నన్ను మీటింగులో నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. నేను సంతకం పెట్టాను.

జనవరి చివర్లో స్తంభాలు నిలబెట్టారు. వాటి మీద ఎక్కాల్సిన త్రికోణాల చట్రాలు, మా భాషలో ట్రస్సులు, రంగు వేసి నేల మీద వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. నాలుగు రోజుల్లో క్రేన్ రావాలి. నేను బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి రోజూ యార్డుకు వెళ్తున్నాను. అప్పుడే పసుపు రావడం మొదలైంది. గాలి పీల్చినా పసుపే, చాయ్ తాగినా పసుపే.

హమాలీల మేస్త్రి అక్కడే పరిచయమయ్యాడు. నా ఈడువాడే. మెడలో ఒక ఈల, ఎప్పుడూ ఒక కన్ను మబ్బు మీద. ఒకరోజు మధ్యాహ్నం పాత షెడ్డులో ఆయనతో కలిసి చాయ్ తాగుతుంటే పడమట మబ్బు లేచింది. ఆయన గ్లాసు కింద పెట్టి ఈల వేశాడు.

తర్వాత పావుగంటలో జరిగింది నేను నా జీవితంలో మరిచిపోను. ఎక్కణ్నుంచి వచ్చారో ఇరవై మంది హమాలీలు వచ్చారు. టార్పాలిన్ పట్టాలు, వాళ్లు పరదాలంటారు, చుట్టలు చుట్టలుగా లాక్కొచ్చారు. ఇద్దరు పైకెక్కి కప్పు అంచుకు తాళ్లు బిగించారు. పరదా అడుగున నింపిన సంచులు బరువుగా పేర్చారు. మూడు వైపులు గోడ కట్టినట్టు మూసుకుపోయాయి. నాలుగో వైపు, లారీలు వెనక్కి వచ్చి నిలబడే పడమటి వైపు, అలాగే తెరిచి ఉంది.

అప్పుడు గాలి వచ్చింది. పెద్ద గాలి కాదు. తెరిచి ఉన్న వైపు నుంచి లోపలికి దూరి, పోవడానికి దారి లేక, పరదాలను ఉబ్బించి కప్పును కింది నుంచి తన్నింది. గోనె సంచి మూతి గాలికి తెరిచి పట్టుకున్నట్టు అయింది షెడ్డు. తలెత్తి చూశాను. పాతకాలపు ట్రస్సు అది, బండ ఇనుము. అయినా దాని కింది కమ్మీ సన్నగా వణుకుతోంది.

నేను గీసిన కమ్మీకి అందులో సగం మందం కూడా లేదు.

"మేస్త్రీ, రోజూ గిట్లనే కడ్తరా?" అని అడిగాను. 

"మబ్బు వడ్డదంటె కట్టుడే సార్. పసుపు తడిస్తే రంగు పోతది. రంగు పోతే రైతు పోయినట్టే."

"గా లారీల దిక్కు ఎందుకు కట్టరు?"

"కడితే లారీ యాడికెల్లి వస్తది? వాన వడ్డా ఎగుమతి ఆగది గద."

"కొత్త షెడ్డుకు గూడ కడ్తరా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "కట్టకుంటె ఎట్ల? మీరు మస్తు పెద్దగ కడుతున్నరు గద, పాత పరదాలు సాలవని కొత్తయి కుట్టిస్తున్నం. రాండ్రి, సూపిస్త" అని నా చెయ్యి పట్టుకుని వెనక గదికి తీసుకెళ్లాడు. నా కప్పును లేపి అవతల పారేయగలిగేంత పెద్ద పరదాలు, కొత్త నీలం రంగువి, మడతలు పెట్టి ఉన్నాయి. పెళ్లి బట్టలు చూపించినట్టు ఒక్కొక్కటీ విప్పి చూపించాడు.

బయటికి వచ్చి నేల మీద పడుకున్న నా ట్రస్సు మీదే కూలబడి, ఆఫీసులో ప్రోగ్రాం చూసుకునే ఆమెకు ఫోన్ చేశాను. మూడు వైపులూ మూసి పడమటి వైపు తెరిచి గాలి వీయించమన్నాను. తెరిచినది, మూసినది అనే రెండూ కాకుండా ఆమె చేత్తో ఆ రూపం అల్లాలి కాబట్టి గంట పట్టింది. తిరిగి ఫోన్ వచ్చింది.

"సార్, కూసున్నరా?"

"కూసున్న."

"మొత్తం ఎర్రగయింది సార్."

దాని అర్థం ఇంజినీరు కానివాళ్లకు చెబుతాను. నిలబడే ముక్కలను ప్రోగ్రాం ఆకుపచ్చగా, తట్టుకోలేనివాటిని ఎర్రగా చూపిస్తుంది. కప్పు బరువు కిందికి నొక్కుతున్నంతసేపు ట్రస్సు కింది కమ్మీని రెండు కొసలూ పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది. లాగితే సన్న కమ్మీ అయినా తట్టుకుంటుంది. గాలి కప్పును పైకి ఎత్తితే వ్యవహారం తిరగబడి అదే కమ్మీ మీద నొక్కుడు పడుతుంది. మీ దగ్గరున్న ప్లాస్టిక్ స్కేలును రెండు కొసల మధ్య నొక్కి చూడండి, విల్లులా వంగుతుంది. కమ్మీ అలా వంగిందంటే ట్రస్సు పని అయిపోయినట్టే. స్తంభాలను నేలకు పట్టి ఉంచే బోల్టులు కూడా చాలవని తేలింది. కింద కుప్పల పక్కన రైతులు, సంచుల కింద హమాలీలు, వ్యాపారులు. సీజన్‌లో ఆ కప్పు కింద నిలబడే మనుషులు వందల్లో ఉంటారు.

 ఇంకో సంగతి కూడా దాచకుండా చెబుతాను. నోరు మూసుకుంటే ఏమవుతుందని పది నిమిషాలు ఆలోచించాను. తెరిచిన షెడ్డుకు నియమాలు ఏం చెప్పాయో అన్నీ పాటించాను. రేపు కప్పు లేచిపోతే పరదాలు కట్టినవాళ్లది తప్పవుతుంది, నాది కాదు. అయిదు నెలల్లో రిటైర్ అవుతాను. ఆ పది నిమిషాలు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పదకొండో నిమిషంలో లేచి క్రేన్ ఆపించాను.

మార్కెట్ కార్యదర్శి గదిలోకి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచాడు. "సీజన్ నెత్తి మీదికొచ్చింది. రైతులకు ఏం జెప్పాలె నేను? కాయితం మీద తప్పు వోయిందని జెప్పాల్నా?" అన్నాడు. ఆయన కోపం న్యాయమైనదే. రెండు వారాలు ఇమ్మని అడిగాను. గోడ మీది క్యాలెండరు తీసి నా ముందు పడేశాడు.

మా డైరెక్టరుది ఇంకో రకం కోపం. "ఒక్క మబ్బు పూట చూసి వచ్చిన నమ్మకంతో డిజైన్ మారుస్తారా? ఎప్పుడో ఒకసారి కట్టే పరదాల కోసమా? రుజువు చూపించండి" అని ఫోన్‌లో గద్దించాడు. వారం గడువు ఇచ్చాడు.

రుజువు ఎక్కడ తెచ్చేది? పరదాలు ఎన్ని రోజులు కట్టారో రాసిపెట్టే రిజిస్టరు ఏ యార్డులోనూ ఉండదు. అప్పుడు ఆమె, ఫోన్‌లోనే, ఒక మాట అంది. "సార్, రైతులు కుప్పల కాడ ఫొటోలు దిగుతరు గద? ఇంటికి పంపుతరు, స్టేటస్ పెట్టుకుంటరు. ఆ ఫొటోలల్ల ఎనుక ఏముంటది?"

ఎనుక షెడ్డు ఉంటుంది. పరదా ఉంటే పరదా ఉంటుంది.

మేస్త్రికి చెప్పాను. ఆయన రెండో మాట అడగకుండా ఫోన్ తీసి, యార్డుకు వచ్చే రైతుల గ్రూపులన్నిటికీ ఒక మాట రికార్డు చేసి పంపాడు. అది నా దగ్గర ఇప్పటికీ ఉంది.

"అన్నలారా, అక్కలారా, నేను యార్డు మేస్త్రిని మాట్లాడుతున్న. మీరు పసుపు కుప్పల కాడ దిగిన ఫొటోలు, యే యేడాదివైనా సరే, గీ నంబరుకు పంపుర్రి. మొఖాలు మంచిగ రాకున్నా ఫికర్ లేదు, ఎనుక షెడ్డు కనవడాలె. గిది పథకం గాదు, ఏం రాదు. మళ్ల నా తానకొచ్చి ఎప్పుడొస్తదని అడగొద్దు."

మరునాటికి ఆమె ఫోన్ నిండిపోయింది. వేల్పూర్ నుంచి, మెండోర నుంచి, పేరు కూడా వినని తండాల నుంచి ఫొటోలు. కుప్ప మీద కూర్చున్న పిల్లలు, కుప్పకు దండం పెడుతున్న ముసలమ్మలు, కుప్పల మధ్య పడుకున్న మేక. ఒకాయన ఇంట్లో జరిగిన పెళ్లి ఫొటోలు కూడా పంపాడు, పందిరికి యార్డు పరదానే కట్టారట. వేలల్లో వచ్చాయి. ఒక్కొక్కటీ కంటితో చూడటం అయ్యే పని కాదు కాబట్టి ఆమె వాటిని చదవడానికి ఇంకో ప్రోగ్రాం రాసింది. ఏ వైపు పరదా ఉంది, సంచులు ఎంత ఎత్తు పేర్చారు, ఏ నెల, అన్నీ ఏరాలి. మొదటి రోజు అది పసుపుపచ్చ చీర కట్టుకున్న ప్రతి ఆడమనిషినీ కుప్ప కింద లెక్క కట్టింది. ఆమె దాన్ని తిట్టుకుంటూ దిద్దింది. నాలుగో రోజు దారికి వచ్చింది.

అయిదో రోజు ఆమె ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆర్మూరు బస్సు దిగింది. డైరెక్టరు కారులో వచ్చాడు. కార్యదర్శి గదిలో అందరం కూర్చున్నాం. మేస్త్రి గడప దగ్గర నిలబడితే నేనే లోపలికి పిలిచి కుర్చీ వేశాను.

ఆమె తెర మీద పటం చూపించి చెప్పింది. "ఎప్పుడో ఒకసారి కాదు సార్. మబ్బు ఉన్న ప్రతి ఫొటోల మూడు దిక్కులు కట్టే ఉన్నయి, లారీల దిక్కు తెరిచే ఉన్నది. ఇదే మామూలు. సీజన్ల ఈ షెడ్డు తెరిచి ఉండుడే అరుదు."

డైరెక్టరు పటం మీదికి వంగి వేలితో లెక్కపెట్టాడు. తర్వాత, పాపం, దారి కనిపెట్టినట్టు అన్నాడు. "అయితే పరదాలు కట్టరాదని బోర్డు పెడదాం. పెద్ద అక్షరాలతో."

 మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"పెట్టుర్రి సార్. మంచిగ మందం రేకుతోని, వెడల్పుగ పెట్టుర్రి. వానొస్తే గది గూడ పీకి పసుపు మీద కప్పుతం."

కార్యదర్శి పకపకా నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వడం అదే మొదటిసారి. నిమిషం తర్వాత డైరెక్టరూ నవ్వాడు. "సరే, ఏం చేద్దామో మీరే చెప్పండి" అన్నాడు. మంచి మనిషి, మొండితనం ఉన్నా మనసు చిన్నది కాదు.

ఏం చేయాలో ఆమె అప్పటికే వేల రకాలుగా పరీక్షించి తెచ్చింది. ఒకటి, ట్రస్సుల కింది కమ్మీలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచేలా అడ్డంగా ఇనుప గొట్టాలు వేస్తే, నొక్కుడు పడినా వంగవు. అది మా చేతిలో పని. రెండోది మా చేతిలో లేదు. పరదాకు, కప్పుకు మధ్య సందు వదలాలి. అలా వదిలితే లోపల దూరిన గాలి ఆ సందులోంచి బయటికి పోతుంది, బోల్టుల మీద లాగుడు తగ్గుతుంది. ఆ సందు వదలాల్సింది మేస్త్రి మనుషులు.

అందరం కొత్త స్తంభాల దగ్గరికి నడిచాం. ఆమె కాంటా బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచింది.

"పైన మీటరున్నర వదలాలె అన్నా" అంది మేస్త్రితో.

"మీటర్లు నాకు జెప్పకు బిడ్డా. జానలల్ల జెప్పు."

ఆమె నా వైపు చూసింది. తర్వాత సంచిలోంచి టేపు తీసి "చెయ్యి చాపుర్రి" అంది. మేస్త్రి అరచెయ్యి పూర్తిగా సాచి బల్ల మీద పెట్టాడు. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా కొలిచింది. ఇరవై మూడున్నర సెంటీమీటర్లు. ఆ చేతి గీతల్లో పసుపు ఎన్నేళ్ల నుంచి పేరుకుందో.

"ఆరు జానలు" అంది.

"ఆరా! ఆరు జానలు ఇడిస్తే పరదా ఎందుకు, పైజామా తొడిగినట్టుంటది. వాన మొత్తం లోపటికే. రెండు."

ఆమె రెండు వేసి చూసింది. ఎర్రగా వచ్చింది. తెర ఆయన వైపు తిప్పింది. ఆయనకు తెర అర్థం కాకపోయినా ఎరుపు అర్థమైంది.

"మూడు" అన్నాడు.

మూడు జానలకు బోల్టులు ఎర్రగా మిగిలాయి. "అయిదు" అంది ఆమె. "నాలుగు. గింతకు మించి జాన గూడ ఇయ్య" అన్నాడు. చుట్టూ హమాలీలు గుమిగూడారు. రోజూ వ్యాపారులతో రైతుల బేరం చూసేవాళ్లకు ఇది కొత్త రకం బేరం. ఆమె నాలుగు వేసింది.  ఒక్కొక్క కమ్మీ, ఒక్కొక్క బోల్టు ఆకుపచ్చగా మారుతూ వచ్చింది.

"అయితే సూరు ఇంకో రెండు జానలు బయటికి తియ్యుర్రి, ఏటవాలు వానకు" అని చివర్లో కొసరు అడిగాడు. ఆమె అదీ వేసి చూసింది. ఆకుపచ్చే. ఆయన చెయ్యి చాపితే ఆమె చెయ్యి కలిపింది.

"మీరు ఒప్పుకున్నరు సరే, రేపు మీ మనుషులు మళ్ల పైకెక్కి అంచుకే కడితే?" అని నేను అడిగాను.

"మావోళ్లకు బద్దకం సార్. కొండి ఏడుంటే ఆడ్నే కడ్తరు. గా నాలుగు జానల కింద కొండ్లు పెట్టియ్యుర్రి, పైన ఒక్కటి గూడ పెట్టకుర్రి. ఇగ సూడుర్రి."

అలాగే పెట్టించాను. మనుషుల బద్ధకాన్ని కూడా లెక్కలో వేసుకుని నేను చేసిన డిజైన్ నా ఉద్యోగం మొత్తంలో అదొక్కటే.

పన్నెండు రోజుల్లో గొట్టాలు వచ్చాయి, ట్రస్సులు పైకెక్కాయి, రేకులు పడ్డాయి. రిబ్బను కత్తిరింపులు ఏమీ లేవు. ఒక ఉదయం మేస్త్రి ఈల వేస్తే పాత షెడ్డులోని కుప్పలన్నీ కొత్త షెడ్డులోకి మారిపోయాయి.

మార్చి చివర్లో ఆఖరి తనిఖీకి నేను, ఆమె మళ్లీ వెళ్లాం. షెడ్డు నిండా పసుపు. వేలం జోరుగా సాగుతోంది. మూడు గంటలప్పుడు పడమట గుట్ట వెనక నుంచి మబ్బు వచ్చింది. జనవరి మబ్బులాంటిది కాదు, నల్లగా, అంచు పచ్చగా. ముందు దుమ్ము లేచింది. ఈల మోగింది. హమాలీలు పరుగెత్తారు. నీలం పరదాలు కొండ్లకు, సరిగ్గా నాలుగు జానల కింద, బిగుసుకున్నాయి. పైకి ఒక్కడూ ఎక్కలేదు.

వేల్పూర్ నుంచి వచ్చిన ఒక రైతమ్మ తన కుప్ప పక్కనే చతికిలబడి కూర్చుని ఉంది. చుట్టూ అందరూ మమ్మల్ని ఇంజినీర్లని పిలవడం విన్నట్టుంది, నా వైపు తిరిగింది.

"నువ్వేనా బిడ్డా గీ రేకులు కట్టిపిచ్చింది?"

"నేనే అమ్మా."

"పైన గట్టిగనే ఉన్నదా?"

"ఉన్నది."

"అయితే నువ్వు గూడ ఈడ్నే నిలవడు" అని తన పక్కన జాగా చూపించింది.

నిలబడ్డాను. నా పక్కన మా డేటా ఇంజినీరు వచ్చి నిలబడింది. ఇద్దరం తలలెత్తి కింది కమ్మీల వైపే చూస్తున్నాం.

గాలి వచ్చి పడింది. లారీల వైపు నుంచి లోపలికి దూరింది, దుమ్ముతో, గడ్డిపరకలతో, ఎవరిదో తువ్వాలతో సహా. పరదాలు ఉబ్బాయి. రేకులు మూలిగాయి. బయట ఎక్కడో పెద్ద చప్పుడైంది. పాత షెడ్డు రేకులు తుప్పు బోల్టులతో సహా లేచి గడ్డిలో పడ్డాయి, దాని కింద మనిషి లేడు, సంచి లేదు. ఆ వెంటనే వడగండ్లు. ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. అయినా ఆ హోరులో నాకు ఒక సన్నని చప్పుడు వినపడింది. నాలుగు జానల సందులోంచి గాలి ఈల వేసుకుంటూ బయటికి పోతోంది.

కింది కమ్మీ వణకలేదు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

అరగంట పట్టింది తగ్గడానికి. అంచు వరసలో రెండు మూడు సంచుల మీద జల్లు పడింది, అంతే. రైతమ్మ కుప్పలోకి మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసింది. రెండు చేతులతో పట్టుకుని విరిచింది. టక్కుమంది. తడి తగిలిన పసుపు అలా విరగదు. ఆమె నవ్వి ఆ రెండు ముక్కల్లో ఒకటి నా చేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ మగవాణ్ణి, వందమంది ముందు, సిగ్గు లేకుండా ఏడ్చాను. మా డేటా ఇంజినీరు ఏడవలేదు. ఎగిరి గంతేసి "పచ్చగనే ఉన్నది సార్, మొత్తం పచ్చగనే ఉన్నది!" అని అరిచింది, తెర మీద చూస్తున్నట్టు.

మేస్త్రి తడిసి ముద్దయి వచ్చాడు. పరదాలు విప్పమని ఈల వేయాలి. మెడలోంచి ఈల తీసి, తువ్వాలతో తుడిచి నా చేతికిచ్చాడు. "ఊదు సార్, నీదే ఇయ్యాల" అన్నాడు. బలంకొద్దీ ఊదాను. పరదాలు విచ్చుకుని వెలుతురు లోపలికి వచ్చింది, వేలం ఆగిన కుప్ప దగ్గరే మళ్లీ మొదలైంది. నా ఉద్యోగంలో నేను అందుకున్న సన్మానం అదే. శాలువాలు తర్వాత వచ్చాయి కానీ అవి ఎక్కడున్నాయో తెలియదు. ఆ కొమ్ము ముక్క నా బల్ల సొరుగులో ఉంది.

రిటైరై మూడేళ్లయింది. మొన్నామధ్య మా పాత కంపెనీలో కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు ఎక్కడో ఒడిశా నుంచి ఫోన్ చేశాడు. ఎవరో నా నంబరు ఇచ్చారట. "సార్, ప్రోగ్రాంలో షెడ్డు రకం దగ్గర మూడు జవాబులున్నాయి. తెరిచినది, మూసినది, ఆర్మూర్. ఈ మూడోది ఏంటి సార్? అది నొక్కితే పరదా పైన సందు తొంభై నాలుగు సెంటీమీటర్లని దానంతట అదే వస్తోంది. తొంభై కాదు, మీటరు కాదు. ఇది ఏ స్టాండర్డులోది?" అని అడిగాడు.

మా డేటా ఇంజినీరు నాకు చెప్పకుండా ఆ మూడో జవాబు చేర్చింది. ఫోన్ పట్టుకుని నేను చాలాసేపు నవ్వాను. అది ఒక మనిషి చేతి కొలత నాయనా, నాలుగుతో గుణించాం అని చెప్పాను. కుర్రాడు నమ్మలేదు.

ఆ వారమే ఆర్మూరు వెళ్లి మేస్త్రికి చెప్పాను. దేశంలో ఎక్కడ ఇలాంటి షెడ్డు కట్టినా నీ చెయ్యి కొలతతోనే మొదలవుతోందన్నాను. ఆయన అరచెయ్యి సాచి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వేళ్లు కొంచెం వంగిపోయి ఉన్నాయి.

"గప్పటి చెయ్యి గాదు సార్ గిది. ఇప్పుడు జర తక్కువొస్తది" అన్నాడు. "గా పిలగానికి జెప్పు, కంప్యూటర్ల ఉన్నదని ఊకోవద్దని. ఆడ హమాలీ ఎవడుంటే వాని చెయ్యి వట్టి మళ్ల కొలుసుకొమ్మను."

చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను.